నగరపు మరుగుచోట్ల ఛాయాచిత్రణ

ఊళ్లో ఉండి కూడా ఊరి కంటపడని చోట్లను ఫోటో తీయడం ఛాయాచిత్రకళలో ఒక ప్రత్యేక శాఖ. నేల కింది మురుగు కాలువలు, సొరంగాలు, మూతబడ్డ మిల్లులు, పాడుబడ్డ సినిమా హాళ్లు, కూల్చివేతకు గుర్తు పెట్టిన వీధులు, మేడల మధ్య మిగిలిపోయిన సందులు, పట్టపగలు కూడా ఎవరూ పట్టించుకోని పెరటి గోడలు దీని వస్తువులు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో దీనికి ‘అర్బన్ ఎక్స్‌ప్లొరేషన్’, పొట్టిగా ‘అర్బెక్స్’ అనే పేరుతో ఒక కుర్రకారు వ్యాపకం తోడైంది. అసలు పని మాత్రం 1839లో ఛాయాచిత్రకళ లోకానికి తెలిసిన పాతికేళ్లలోపే మొదలైంది.

ఈ శాఖకు రెండు మూలాలున్నాయి. ఒకటి, నగరపాలక సంస్థలు అప్పగించిన పని: కూల్చేముందు గుర్తుగా ఉంచుకోవడానికో, కూల్చక తప్పదని చూపించడానికో ఫోటోలు తీయించడం. రెండోది, ఒక మనిషికి ఒక చోటు మీద పుట్టిన వ్యామోహం. కళ అంతా రెండోదాంట్లోనే ఉంటుందని అనుకుంటాం గానీ చరిత్ర అలా లేదు. ఈ శాఖలో పెద్దపేర్లలో చాలామంది కూలికో, కాంట్రాక్టుకో తీసినవాళ్లు. వాళ్ల శైలి చాలావరకు ఇబ్బందుల్లోంచే పుట్టింది: చాలని వెలుతురు, ఇరుకు, గాజు ప్లేట్ల బరువు, ఎంతకీ పూర్తవని ఎక్స్‌పోజరు.

ఈ చిత్రాల్లో ఎక్కువవాటిలో మనుషులు కనిపించరు. ఆ ఖాళీ నిజంగా అక్కడ ఉన్నదా, కెమెరా చేసిందా అన్నదే ఈ చరిత్రలో పదేపదే తలెత్తే ప్రశ్న. కాలాన్ని బట్టి, పనిముట్టును బట్టి, తీసినవాడి మనసును బట్టి దానికి జవాబు మారుతూ వచ్చింది.

నేల కింద తొలి దీపాలు

నాదార్ అనే పేరుతో ప్రసిద్ధుడైన గాస్పార్ ఫెలీ తూర్నషాఁ (1820–1910) పారిస్‌లో కవులకు, నటులకు ముఖచిత్రాలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. బెలూన్ ఎక్కి పైనుంచి ఫోటోలు తీసినవాడూ ఆయనే. 1861లో కృత్రిమ కాంతితో ఫోటో తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకుని, ఆ పద్ధతితో నేల కిందికి దిగాడు. పారిస్ కింద పాత రాతిగనులున్నాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నగర శ్మశానాల్లోని ఎముకలను తరలించి ఆ గనుల్లో గోడలుగా పేర్చారు. సుమారు 60 లక్షల మంది అవశేషాలు అక్కడ ఉన్నాయని అంచనా. ‘కాటకూంబ్’లని పిలిచే ఈ అస్థికాగారాల్లోనూ, ఆ తర్వాత 1864–65లో నగరపు మురుగు కాలువల్లోనూ ఆయన ఆర్క్ దీపాలు వెలిగించాడు. వాటికి కరెంటు బున్సెన్ బ్యాటరీలు ఇచ్చేవి. లోపల చోటు చాలనప్పుడు బ్యాటరీలను పైన వీధిలోనే ఉంచి తీగలను కిందికి వదిలేవారు.

ఒక్కో ఎక్స్‌పోజరుకు 18 నిమిషాల దాకా పట్టేదని నాదార్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంతసేపు కదలకుండా నిలబడటం ఎవరివల్లా కాదు. కనుక పనివాడి బట్టలు తొడిగిన బొమ్మలను తెచ్చి నిలబెట్టాడు. ఎముకల బండి లాగుతున్నట్టు కనిపించే కూలీ నిజానికి ఒక బొమ్మ. ఈ శాఖలో మనిషికి దొరికిన తొలి స్థానం ఇది: మనిషి ఎత్తు ఎంతో తెలియడానికి పెట్టిన కొలబద్ద.

ఆ చిత్రాల తర్వాత కొద్దికాలానికే, 1867 ప్రపంచ ప్రదర్శన సమయంలో, పారిస్ మురుగు కాలువలను సందర్శకులకు చూపించే ఏర్పాటు మొదలైంది. దానికి నాదార్ ఫోటోలొక్కటే కారణమని చెప్పలేం. కాలువలను కొత్తగా కట్టించిన నగర పాలకులకు వాటిని గర్వంగా చూపించుకోవాలన్న కోరికా ఉంది. ఏమైనా, మరుగుచోటు ఫోటోకెక్కాక ఎంతోకాలం మరుగున ఉండదన్నది అప్పటినుంచీ చూస్తున్నదే.

కూల్చే ముందు

అదే కాలంలో నేల పైన నగర పాలనాధికారి బేరన్ హౌస్‌మన్ పారిస్ పాత వీధులను పెకలించి వెడల్పాటి రహదారులు వేయిస్తున్నాడు. 1862లో ‘పారిస్ నగర ఛాయాచిత్రకారుడు’ అనే హోదా పొందిన షార్ల్ మార్విల్ (1813–1879) ఆ పాత వీధులను తీశాడు. ఈ వరుసలో 400కు పైగా చిత్రాలున్నాయి. తడి కొలోడియన్ ప్లేటు మీద ఎక్స్‌పోజరు సెకన్లలో నడిచేది; నడిచిపోయే మనుషులు ప్లేటు మీద నిలవరు. అందుకే మార్విల్ వీధులు ఊరు ఖాళీచేసి వెళ్లిన వీధుల్లా ఉంటాయి. నిజానికి అవి కిక్కిరిసిన పేటలు. నడి వీధి కాలువలో పారే నీళ్లు, తడిసి మెరిసే బండరాళ్లు, గోడలనిండా అతికించిన ప్రకటనలు ఆయన చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తాయి. కట్టబోయే కొత్త రహదారులకు, ఆయన చేతే తీయించిన కొత్త గ్యాస్ దీపస్తంభాలకు, ఈ పాత వీధులు ‘ముందు’ చిత్రాలుగా పనికొచ్చాయి. ఉద్దేశం పరిపాలకులది. కానీ కెమెరాను ఎంత కిందికి దింపి పెట్టాలో, వీధి మలుపును ఎక్కడ ఆపాలో మార్విల్ నిర్ణయించుకున్నాడు; అందం అక్కడ ఉంది.

గ్లాస్గోలో కథ ఇంకాస్త కఠినం. 1866లో వచ్చిన నగరాభివృద్ధి చట్టం కింద మురికివాడలను కూల్చాలని నిర్ణయించి, ముందుగా వాటిని చిత్రించే పనిని థామస్ ఆనన్ (1829–1887) అనే స్థానిక ఛాయాచిత్రకారుడికి అప్పగించారు. 1868 నుంచి 1871 వరకు ఆయన తీసినవి ‘క్లోజ్’లనే ఇరుకు సందులు. రెండు చేతులు చాస్తే గోడలు తగిలేలాంటి ఆ సందుల్లో వెలుతురు పైనున్న చీలికలోంచి మాత్రమే పడుతుంది. ఆరేసిన బట్టలు, మధ్యలో మురుగు కాలువ, చివర గుమిగూడిన జనం. ఎక్స్‌పోజరు నిడివి వల్ల పిల్లల ముఖాలు చెదిరి పొగలా మారాయి. ఆనన్ వాళ్లను పక్కకు పంపించి ఉండొచ్చు, పంపలేదు. వాళ్లు అక్కడ ఉంటున్నారన్న సంగతి ఆ చెదిరిన ముఖాల్లోంచే నేటికీ తెలుస్తోంది. అదే లండన్‌లో 1875లో ఏర్పడిన పాత లండన్ చిహ్నాల ఛాయాచిత్ర సంఘం పదేళ్లకు పైగా పనిచేసి 120 చిత్రాలు ప్రచురించింది. వాళ్ల గురి వాస్తువు మీద, పాత సత్రాల మీద. అందులో నివాసులు దాదాపు లేరు.

న్యూయార్క్‌లో పత్రికా విలేకరి జేకబ్ రీస్, 1887లో జర్మనీలో కొత్తగా వచ్చిన మెగ్నీషియం ఫ్లాష్ పొడిని చీకటి గదుల్లో పేల్చి, అద్దె ఇళ్లలో ఒకరి మీద ఒకరుగా పడుకున్న కూలీలను తీశాడు. ఆయన పుస్తకం 1890లో వచ్చింది. ఆయన వేలెత్తి చూపిన మల్బరీ బెండ్ పేటను కూల్చి 1897లో పార్కు చేశారు. ఫలితం గొప్పదే. తలుపు తోసుకుని వెళ్లి, నిద్రలో ఉన్నవాళ్ల కళ్ల ముందు పొడి పేల్చి తెచ్చిన ఫోటోలని కూడా గుర్తుంచుకోవాలి. ఆ ముఖాల్లోని బెదురులో పేదరికం ఎంతో, ఫ్లాష్ ఎంతో విడదీయడం కష్టం.

అట్జే

ఈ శాఖలో ఒక్కరిని ఎంచుకోమంటే ఎక్కువమంది చెప్పే పేరు యూజేన్ అట్జే (1857–1927). చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. కొన్నాళ్లు ఓడ మీద పనిచేశాడు, ఊరూరూ తిరిగే నాటక సమాజాల్లో చిన్న వేషాలు వేశాడు. రెండూ అచ్చిరాక, ముప్ఫై దాటాక కెమెరా పట్టుకున్నాడు. ఆయన ఇంటి తలుపు మీద ఉన్న బోర్డు ‘చిత్రకారులకు ఆధారపత్రాలు’ అని చెప్పేది. చిత్రకారులు, రంగాలంకరణ చేసేవాళ్లు, తలుపు గొళ్లేలు పోతపోసే పనివాళ్లు, గ్రంథాలయాలు, కార్నవాలే మ్యూజియం ఆయన ఖాతాదారులు. కళాకారుడినని ఆయన చెప్పుకోలేదు.

పనిముట్లు పాతవి: 18×24 సెంటీమీటర్ల గాజు ప్లేట్లు పట్టే చెక్క కెమెరా, బరువైన ముక్కాలి పీట. చేతి కెమెరాలు వచ్చాక కూడా ఆయన దాన్ని వదల్లేదు. ఇరుకు వీధిలో ఎత్తైన ఇంటి పైభాగం చట్రంలోకి రావాలంటే కెమెరాను పైకి వంచకూడదు, వంచితే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. లెన్సునే పైకి జరపాలి. అట్జే దాన్ని కటకం కవరు చేయగల హద్దు దాటేదాకా జరిపేవాడు. అందుకే ఆయన చిత్రాల్లో చాలావాటికి పై మూలలు నల్లగా గుండ్రంగా కోసినట్టుంటాయి. దాన్ని ప్రింటులో కత్తిరించి సరిచేసుకోవచ్చు. ఆయన అలాగే ఉంచాడు. ఆ నల్ల మూలలు ఇప్పుడు ఆయన సంతకం.

ఎక్కువగా తెల్లవారుజామున తీసేవాడు. జనం, బళ్లు అడ్డం రావు. పొగమంచు దూరాన్ని మెత్తబరుస్తుంది. దుకాణం అద్దాల్లో ఎదుటి వీధి ప్రతిబింబం పడుతుంది. ఖాళీ ఆయన చిత్రాల్లో పూర్తి ఖాళీ కాదు. తలుపు సందులోంచి తొంగిచూసే ముఖం, కదిలి మరకైన కుక్క, మెట్ల మీద అరిగిన గుంట కనిపిస్తాయి. పెరళ్లు, మెట్లు, మేడ వెనక వరండాలు, సారాయి కొట్ల ఇనుప కటకటాలు, చెట్ల వేళ్లు: ఒకే వస్తువు దగ్గరికి ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ వెళ్లాడు.

ఆయన పనిలో తక్కువగా చెప్పుకునే భాగం ‘జోన్’. 1840లలో పారిస్ చుట్టూ కట్టిన కోటగోడకు బయట, సైనిక కారణాల వల్ల పక్కా కట్టడాలు నిషేధించిన ఒక పట్టీ ఉండేది. చెక్క ముక్కలతో, రేకులతో గుడిసెలు వేసుకుని చెత్త ఏరుకునేవాళ్లు అక్కడ బతికేవారు. 1910 దశకం మొదట్లో అట్జే వాళ్లను తీశాడు. గుడిసె ముందు సంచుల మధ్య నిలబడ్డ కుటుంబం, గడ్డిబొమ్మలు వేలాడేసిన గుమ్మం. ఇక్కడ మనుషులు దాక్కోలేదు, చెదిరిపోలేదు. కెమెరావైపు తిన్నగా చూస్తున్నారు. ఈ చిత్రాలను ఆయన ఒక ఆల్బంగా కూర్చాడు. ఖాళీ వీధుల కవి అని అట్జేకు పేరు పెట్టినవాళ్లు ఈ ఆల్బం తిరగేయలేదనిపిస్తుంది.

1920లో 2,600కు పైగా నెగటివ్‌లను ఫ్రెంచి ప్రభుత్వానికి 10,000 ఫ్రాంకులకు అమ్మాడు. 1926లో సర్రియలిస్టుల పత్రిక ఆయన ఫోటోలు వేసుకుంది. తన పేరు వద్దని, అవి వట్టి ఆధారపత్రాలని ఆయన అన్నాడట. ఆ పత్రికకు ఆయనను పరిచయం చేసిన ఛాయాచిత్రకారుడు మాన్ రే, అట్జే ఒకే వీధివాళ్లు. మాన్ రే దగ్గర సహాయకురాలిగా పనిచేసిన అమెరికన్ యువతి బెరెనిస్ ఆబట్, అట్జే పోయాక మిగిలిన ప్రింట్లను, నెగటివ్‌లను కొని అమెరికా తీసుకెళ్లింది. అవి 1968లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చేరాయి. 1931లో జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ తన వ్యాసంలో, అట్జే ఫోటోలను నేరస్థలాల ఫోటోలతో పోల్చడం యాదృచ్ఛికం కాదన్న అర్థంలో రాశాడు. కూలీ పని కళాఖండమైన తీరు ఇది. మధ్యలో ఫోటోలు ఏమీ మారలేదు, చూసేవాళ్లు మారారు. ఆబట్ కూడా అట్జే ప్రభావంతోనే 1935–39 మధ్య మారుతున్న న్యూయార్క్‌ను చిత్రించింది.

రాత్రి, గోడ

ట్రాన్సిల్వేనియా నుంచి పారిస్ వచ్చి తన ఊరి పేరునే కలంపేరుగా పెట్టుకున్న బ్రసాయ్ (1899–1984) రాత్రిని వస్తువుగా తీసుకున్నాడు. ‘పారిస్ ద నుయి’ పుస్తకం 1932 చివర్లో వచ్చింది. తడిసిన రాళ్ల బాట, పొగమంచులో దీపస్తంభం, మూత్రశాల, వంతెన కింద నిద్రపోయేవాళ్లు. ముక్కాలి పీట మీద కెమెరా, సిగరెట్టు కాలే సమయంతో ఎక్స్‌పోజరు లెక్క: మామూలు వెలుతురుకు గోల్వాజ్, మరీ చీకటైతే అంతకన్నా లావాటి బోయార్. దీపం కాంతి నేరుగా కటకంలో పడకుండా స్తంభం వెనకో, చెట్టు వెనకో దాచేవాడు. ఆయన రాత్రులు మెరిసేది ఇందువల్లే. కొన్ని దృశ్యాలకు స్నేహితులనే పాత్రలుగా నిలబెట్టాడు. అప్పటి కెమెరాతో రాత్రిపూట కదిలే మనిషిని పట్టడం కుదరదు కనుక నాదార్ బొమ్మలకు ఇది వారసత్వమే, కాకపోతే ఈ బొమ్మలకు ప్రాణం ఉంది.

గోడల మీద పిల్లలు, తాగుబోతులు, ప్రేమికులు గీకిన గీతలను కూడా బ్రసాయ్ దశాబ్దాల తరబడి తీశాడు. ఏ గోడ మీద ఏం ఉందో చిన్న పుస్తకంలో బొమ్మతో సహా రాసుకుని, ఏళ్ల తర్వాత వెళ్లి అదే గీత ఎంత అరిగిందో, దానిమీద ఎవరేం చేర్చారో చూసేవాడు. 1956లో ఈ చిత్రాలు న్యూయార్క్‌లో ప్రదర్శనకు వచ్చాయి. నగరంలో మరుగుచోటంటే నేల కిందికో, గోడ దూకో వెళ్లనక్కర్లేదని, రోజూ దాటిపోయే గోడ చాలునని తేల్చింది ఈ పనే.

వరుస పెట్టడం, తిరిగి వెళ్లడం

యుద్ధం తర్వాత జర్మనీలో బెర్న్ట్ బెఖర్ (1931–2007), హిల్లా బెఖర్ (1934–2015) దంపతులు 1959 నుంచి నీళ్ల ట్యాంకులు, గ్యాస్ ట్యాంకులు, గని గోపురాలు, బ్లాస్ట్ ఫర్నేసులు తీశారు. ఎప్పుడూ మబ్బు పట్టిన ఆకాశం, నీడ లేని వెలుతురు, కట్టడం మధ్య ఎత్తుకు సమానంగా కెమెరా, నలుపు తెలుపు. ఒకే జాతి కట్టడాలను తొమ్మిదో పదిహేనో పక్కపక్కన గళ్లుగా పెట్టి చూపించేవారు. వ్యక్తిగత శైలి అనగానే ఆవేశం గుర్తొస్తుంది. వీళ్లు ఆవేశాన్ని పూర్తిగా తీసేసి, ప్రపంచంలో ఎవరూ పొరబడని శైలిని సాధించారు. 1990 వెనీస్ బియెన్నాలేలో వాళ్లకు శిల్ప విభాగంలో బంగారు సింహం దక్కింది. మనుషులుండరు; ఆ గనుల్లో పనిచేసినవాళ్ల కథ ఈ గళ్లలో లేదని విమర్శకులు అన్నారు, అందులో నిజముంది. అయితే డార్ట్‌మండ్‌లోని జోలెర్న్ గని యంత్రశాలను కూల్చకుండా ఆపడానికి 1969లో సాగిన ప్రయత్నంలో వాళ్లూ ఉన్నారు. కర్మాగారాన్ని గుడితో, కోటతో సమానంగా కాపాడుకోవచ్చన్న ఆలోచన జర్మనీలో అప్పటికి కొత్త. డ్యూసెల్‌డార్ఫ్‌లో వాళ్ల దగ్గర చదువుకున్న ఆంద్రెయాస్ గుర్స్కీ, తొమాస్ స్ట్రూట్, కాందిదా హోఫర్ తర్వాతి తరంలో పెద్ద పేర్లయ్యారు.

దీనికి ఎదురు దారి కమీలో హోసే వెర్గారాది. 1944లో చిలీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఆయన 1970ల నుంచి హార్లెం, బ్రాంక్స్, నూవార్క్, కామ్డెన్, డెట్రాయిట్ పేటల్లో ఒకే మూల నుంచి ఒకే ఇంటిని ఏళ్ల తరబడి తీస్తూ వచ్చాడు. హార్లెంలో 65 ఈస్ట్ 125వ వీధి దుకాణం వరుస అందరికీ తెలిసినది. 1977లో ఊదారంగు ముఖంతో ఉన్న నైట్ క్లబ్బు, తర్వాత కిరాణా, సిగరెట్ల కొట్టు, పరుపుల దుకాణం, చివరికి ప్రార్థనాలయం. విడిగా ఏ ఫోటోలోనూ ప్రతిభ అని చెప్పుకోదగ్గదేమీ లేదు. వరుసలో పెడితే ఒక పేట ఆర్థిక చరిత్ర. పాడుబడటం అనేది ఒక స్థితి అనుకుంటాం, అది ఒక ప్రక్రియ అని, కొన్నిసార్లు వెనక్కి కూడా తిరుగుతుందని ఈ పద్ధతి తప్ప మరొకటి చూపలేదు.

డెట్రాయిట్ తగువు

1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 2010 లెక్కల్లో 7,13,777. కార్ల పరిశ్రమ ఊరు దాటిపోవడం, తెల్లవాళ్లు శివార్లకు తరలిపోవడం, పన్నుల రాబడి పడిపోవడం ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. 2013లో నగరం దివాలా పత్రం దాఖలు చేసింది. అప్పటికే ఊరినిండా ఛాయాచిత్రకారులు. ఫ్రెంచి యువకులు ఈవ్ మార్షాఁ, రొమాఁ మెఫ్ర్‌ల ‘ది రూయిన్స్ ఆఫ్ డెట్రాయిట్’, ఆండ్రూ మూర్ ‘డెట్రాయిట్ డిస్‌అసెంబుల్డ్’ రెండూ 2010లోనే వచ్చాయి. పెచ్చులూడిన నాట్యశాల, కరిగిపోయినట్టున్న బడి గడియారం, 1926లో కట్టి 1977లో కార్ల పార్కింగుగా మార్చిన మిషిగన్ థియేటర్ పైకప్పు. ముద్రణ బ్రహ్మాండం, రంగులు తైలవర్ణ చిత్రాల్లా ఉంటాయి.

ఊరివాళ్లకు మండింది. ‘రూయిన్ పోర్న్’ అన్న తిట్టు అప్పుడే ఊపందుకుంది. వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది: ఏడు లక్షల మంది బతుకుతున్న ఊరిని ఎవరూ లేని పాంపేయీలా చూపిస్తున్నారు, ఎందుకు ఇలా అయిందో ఒక్క ముక్క చెప్పరు. మార్విల్ కాలంలో మనిషిని మాయం చేసింది రసాయనం. ఇక్కడ మాయం చేసింది ఎంపిక; అర సెకను చాలే కెమెరా చేతిలో ఉండి మరీ. ఈ విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది. అయినా ఆ పుస్తకాలను కొట్టిపారేయలేం. 1988లో చివరి రైలు వెళ్లిపోయాక పాడుబడ్డ మిషిగన్ సెంట్రల్ స్టేషన్ ప్రపంచమంతా గుర్తుపట్టే కట్టడమైంది ఫోటోల వల్లే. 2018లో ఫోర్డ్ కంపెనీ దాన్ని కొని, బాగుచేయించి 2024 జూన్‌లో తెరిచింది.

ఆసియా నగరాలు

హాంకాంగ్‌లోని కౌలూన్ ప్రాకార నగరం 2.6 హెక్టార్లలో సుమారు 33,000 మంది నివసించిన మేడల ముద్ద. బ్రిటిష్ పాలనకు, చైనాకు మధ్య ఎవరిదో తేలని నేల. సందుల్లో పగలు కూడా ట్యూబులైట్లు, తలమీద కారే పైపులు, లైసెన్సు లేని పళ్ల డాక్టర్లు, చేప ఉండలు చేసే పొగగదులు. దాన్ని ఖాళీ చేయిస్తామని 1987లో ప్రకటించారు, 1993–94లో కూల్చేశారు. గ్రెగ్ గిరార్డ్, ఇయన్ లాంబట్ కూల్చేముందు కొన్నేళ్లపాటు అక్కడ తిరిగి 1993లో ‘సిటీ ఆఫ్ డార్క్‌నెస్’ ప్రచురించారు. పిండి పిసికేవాడు, మేడమీద ఆడుకునే పిల్లలు, టపా పంచే మనిషి తమ పనిలో తాముంటారు. పక్కనే వాళ్ల మాటలూ అచ్చయ్యాయి. చీకటి నగరమని పేరు పెట్టి, దాంట్లో ఎంత మామూలు జీవితం సాగిందో చూపించడం ఆ పుస్తకపు చమత్కారం.

టోక్యోలో 1964 ఒలింపిక్స్‌కు ముందు చిన్న నదులను చాలావరకు కాంక్రీటుతో కప్పేశారు. నవొయా హతకెయామా 1990ల చివర్లో షిబుయా కింద కప్పిన నదిలోకి దిగి ‘అండర్‌గ్రౌండ్’ వరుస తీశాడు. నల్లటి చీకటిలో తాను తీసుకెళ్లిన దీపం పడిన మేరకే లోకం: మురుగు నురగ, గోడ మీద బూజు, నీటిలో తలకిందులైన సొరంగం. నాదార్ నుంచి నూట ముప్పై ఏళ్ల దూరంలో అదే పని, కానీ మనిషి ఎత్తు చెప్పే బొమ్మ లేదు. కొలత తెలియకపోవడంవల్ల కాలువ అడవి గుహలా అనిపిస్తుంది. షింజుకు సందుల్లో దైదో మొరియామా దారి వేరు. జేబులో పట్టే కెమెరా, గరుకు గ్రెయిన్, అదురు, అలికేసినట్టుండే నలుపు. చోటు ఎలా ఉందో చెప్పడు, అక్కడ నడిస్తే ఎలా ఉంటుందో చెబుతాడు.

భారతదేశంలో మురుగు కాలువ సాహస యాత్రకు చోటు కాదు. అందులోకి దిగే పని ఒక కులానికి అంటగట్టి ఉంది, దిగినవాళ్లు విషవాయువుకు చనిపోతూనే ఉన్నారు. సుధారక్ ఓల్వే ముంబయి పారిశుధ్య కార్మికులను నలుపు తెలుపులో తీసినప్పుడు కాలువ నేపథ్యం మాత్రమే, చట్రం నిండా ఉన్నది మనిషి. తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో కోలార్ బంగారు గనుల పట్టణంలో పుట్టిన బెజవాడ విల్సన్, అక్కడి పొడి మరుగుదొడ్లను, వాటిని చేత్తో ఎత్తే మనుషులను ఫోటోలు తీయించి బెంగళూరు దినపత్రికకు చేర్చాడు. గనుల యాజమాన్యం ఆ దొడ్లను మార్చక తప్పలేదు. ఆయన కళాకారుడు కాడు, ఏ గ్యాలరీ ఆ ఫోటోలను అడగలేదు. అయినా ఈ వ్యాసంలో వాటికి స్థానం ఉంది: ఊరు చూడనని భీష్మించుకున్న చోటును చూపడమే ఈ శాఖ పని గదా.

దయానితా సింగ్ ‘ఫైల్ రూమ్’ (2013) మరో రకం మరుగు. గుడ్డమూటలు కట్టి కప్పుదాకా పేర్చిన ప్రభుత్వ దస్త్రాలు, వాటి మధ్య ఇరుక్కున్న బల్ల, అక్కడ పనిచేసే గుమస్తా. హైదరాబాద్‌లో ఛాయాచిత్రకళకు తొలి కీర్తి వైభవం చూపించి వచ్చింది. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసినవి నిజాం దర్బారులు, రాజప్రాసాదాలు, వేటలు. మురికిసందు చిత్రించమని ఆయనను అడిగినవాళ్లు లేరు. ఈమధ్య మాత్రం పాత ఇళ్ల కూలిన కమాన్లు, పూడిపోయిన మెట్లబావులు కెమెరాలకు ఎక్కుతున్నాయి. చెత్తతో పూడిన బన్సీలాల్‌పేట మెట్లబావిని తవ్వి, బాగుచేసి 2022 డిసెంబరులో ప్రారంభించారు. పూడిక నాటి ఫోటోలు ఇప్పుడు మార్విల్ ‘ముందు’ చిత్రాల పాత్ర పోషిస్తున్నాయి.

పనితీరు

చీకటి చోట్లలో ముక్కాలి పీట తప్పదు. ఫిలిం వాడేవాళ్లు మరో లెక్క వేసుకోవాలి: ఎక్స్‌పోజరు సెకన్లు దాటేకొద్దీ ఫిలిం స్పందన మందగిస్తుంది, మీటరు చెప్పినదానికన్నా ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. డిజిటల్‌లో ఆ బాధ లేదు, సెన్సరు వేడెక్కి చుక్కలు పడటం ఉంది. షట్టరు తెరిచి ఉంచి టార్చిలైటుతో గోడలను తడిమినట్టు వెలిగించడం ‘లైట్ పెయింటింగ్’. హతకెయామా వంటివాళ్ల చిత్రాల్లో దీపం ఎక్కడ ఆగాలన్నదే కూర్పు. చీకటి గదిలో ఎండ పడే కిటికీ ఉంటే ఒకే ఎక్స్‌పోజరులో రెండూ రావు. వేర్వేరు ఎక్స్‌పోజర్లను కలిపే హెచ్‌డీఆర్ పద్ధతి 2000ల మధ్యలో అర్బెక్స్‌ను ముంచెత్తింది. ప్రతి నీడనూ వెలిగించి, ప్రతి పెచ్చుకూ మెరుపు పూసిన ఆ చిత్రాలు ఏ దేశంలో తీసినా ఒక్కలాగే ఉంటాయి. శైలి కోసం వెళ్లి అందరూ ఒకే సాఫ్ట్‌వేరు ముద్రతో తిరిగొచ్చారు. వెడల్పు కటకం ఇంకో ఉచ్చు. గదిని ఉన్నదానికన్నా పెద్దగా, ఖాళీగా చూపిస్తుంది.

రాత్రి రంగు కూడా మారిపోతోంది. సోడియం దీపాల పసుపు వెలుగు ఒక తరం రాత్రి ఫోటోలకు పునాది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నం వీధిదీపాలు ఎల్‌ఈడీలకు మారినట్టే ప్రపంచంలో చాలా ఊళ్లు మారాయి. ఆ పసుపు రాత్రి పాత ఫోటోల్లోనే మిగులుతుంది.

ప్రవేశం, చిరునామా

అర్బెక్స్ సంస్కృతికి కొన్ని ఆనవాళ్లు: 1986లో మెల్‌బోర్న్‌లో మొదలైన ‘కేవ్ క్లాన్’ వాననీటి కాలువల అన్వేషకుల బృందం, వాన పడితే కాలువలోకి దిగవద్దన్నది వాళ్ల మొదటి సూత్రం. 1996 నుంచి టొరంటోలో జెఫ్ చాప్‌మన్ ‘నింజలీషస్’ అనే మారుపేరుతో ‘ఇన్ఫిల్ట్రేషన్’ అనే చిన్న పత్రిక నడిపాడు. ఫోటో తప్ప ఏమీ తీసుకోవద్దు, అడుగుజాడ తప్ప ఏమీ వదలొద్దు అన్న నియమం ఈ సమూహాలన్నిటిలో వినిపిస్తుంది. పాత కట్టడాల్లో ఆస్బెస్టాస్ ధూళి, పుచ్చిన నేల, మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నిజమైన ప్రాణాపాయాలు. ఇంగ్లండ్‌లో వట్టి అతిక్రమ ప్రవేశం ప్రధానంగా సివిల్ తగాదా. మన దేశంలో దురుద్దేశంతో చేసిన ప్రవేశాన్ని భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను నేరంగా చూస్తుంది. రైల్వే స్థలంలోకి అక్రమంగా వెళితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చట్టం కన్నా చిక్కైనది చిరునామా. ఒక పాత మిల్లు ఫోటో చిరునామాతో బయటికొస్తే వారాల్లో రాగి తీగల దొంగలు, గోడల మీద రంగు చల్లేవాళ్లు, గుంపులు దిగుతారన్న భయంతో అర్బెక్స్‌వాళ్లు చోటుకు ముద్దుపేరు పెడతారు, ఫైల్లోంచి జీపీఎస్ వివరాలు చెరిపేస్తారు. భయం నిరాధారమైనది కాదు. కానీ అట్జే ప్లేట్లను గ్రంథాలయాలు కొన్నది వీధి పేరు, ఇంటి నంబరు రాసి ఉన్నందుకే. వెర్గారా సేకరణ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు విలువైనది కావడానికి ప్రతి చిత్రానికీ చోటు, తేదీ ఉండటం పెద్ద కారణం. ముద్దుపేరుతో మిగిలిన ఫోటోలో మిల్లు ఏ ఊరిదో, ఏ ఏట మూతపడిందో, అందులో ఎవరు పనిచేశారో వెతకడానికి కొస దొరకదు. బ్రసాయ్‌లా ఒక పుస్తకం పెట్టుకుని చోటు, తేదీ, దారి రాసుకుని, కట్టడం కూలాకో బాగుపడ్డాకో దాన్ని ఫోటోలతో పాటు ఏదైనా గ్రంథాలయానికి అప్పగించడం ఈ రెండింటికీ మధ్య ఉన్న దారి.